ఐదిళ్లు తిరిగిన సీసా

ఇక్కడిదాకా వచ్చాం: ఆదివారం మధ్యాహ్నం వునికవికా ఊరి నుంచి సెరెయిమా బూ, అంటే సెరెయిమా అవ్వ, తన మనవరాలు కలేసిని చాపలో చుట్టుకుని, పడవ మీద మా ఆసుపత్రికి తెచ్చింది. నాలుగేళ్ల పిల్ల. ఒళ్లు కాలిపోతోంది, మెడ బిగుసుకుపోయింది, రేవులో దిగేలోపే ఒకసారి ఫిట్స్ వచ్చింది. డాక్టర్ వమరాసి క్షణం ఆగకుండా యాంటీబయాటిక్ సూది వేయించింది. సూది పడేముందే వెన్ను నుంచి తీసిన నీరు, చేతి నుంచి తీసిన రక్తం పెద్ద దీవిలోని ల్యాబ్‌కి పంపింది. ఆ అత్యవసర గదిలో నర్సుని నేను, లైసనిని. ల్యాబ్ జవాబు కోసం రెండు రోజులుగా అందరం ఎదురుచూస్తున్నాం.

జవాబు మంగళవారం వచ్చింది, వానతోపాటు.

మా అఖాతంలో వాన ముందు చప్పుడుగా వస్తుంది. అవతలి ఒడ్డున కొబ్బరిమట్టల మీద మొదలై, నీళ్ల మీదుగా నడుచుకుంటూ వచ్చి, చివరికి ఆసుపత్రి రేకుల మీద కూర్చుంటుంది. అప్పుడు గదిలో వెలుతురంతా ఆకుపచ్చగా మారిపోతుంది. కిటికీ పక్కనున్న సీమపనస ఆకులు తడిసి వంగి అద్దాన్ని అరచేతుల్లా కప్పేస్తాయి. ఆ వెలుతురులో కలేసి పడుకున్న మంచం ఏదో మడుగు అడుగున ఉన్నట్టుంది. సెలైన్ సీసాలో చుక్కలు కిందికి పడుతున్నట్టు కాక, బుడగల్లా పైకి తేలిపోతున్నట్టు కనిపించాయి నాకు. నిద్ర తక్కువై అలా అనిపించిందేమో.

పొద్దున్నుంచి కలేసి కళ్లు తెరుస్తోంది, మళ్లీ మూసుకుంటోంది. తెరిచినప్పుడల్లా మన కళ్లలోకి కాదు, మన నోటి వైపు చూస్తోంది. పెదవుల మధ్య నుంచి ఏ చిన్న చేపో బయటికి ఈదుకొస్తుందని కాచుకున్నట్టు. ఇంకా జ్వరం మత్తు వదల్లేదు అనుకున్నాను.

డాక్టర్ ఫోన్ పెట్టేసి వచ్చింది. వమరాసి రోటుమా దీవి మనిషి. మా ఊళ్లకి వచ్చి ఆరేళ్లయినా మాటలు చిన్నచిన్న ముక్కలుగానే మాట్లాడుతుంది. నవ్వొస్తే ఒక కనుబొమ్మ మాత్రం పైకి లేస్తుంది. ఆ రోజు అది లేవలేదు.

"ల్యాబ్‌లో క్రిమి ఏదీ మొలవలేదు" అంది. "రక్తంలో లేదు. వెన్ను నీటిలోనూ లేదు. కణాలు కొంచెం ఎక్కువున్నాయి, అంతే. వైరస్ వచ్చినా అలాగే ఉంటాయి. లైసనీ, నాలుగింటి సూది ఆపెయ్."

"పూర్తిగానా డాక్టర్?"

"పూర్తిగానే. పిల్ల తేరుకుంటోంది. క్రిమి లేదని తెలిసిన తర్వాత కూడా వేస్తూ పోతే అది వైద్యం కాదు, మన భయానికి మనం వేసుకునే మందు."

ఆవిడ ఎందుకలా అంటుందో నాకు తెలుసు. కిందటేడు ఇదే గదిలో పదకొండు రోజుల పసివాడు ఆవిడ చేతుల్లో పోయాడు. మా దగ్గరున్న మందులు ఒక్కటి కూడా ఆ క్రిమిని కదిలించలేదు. ఊళ్లలో జలుబుకీ దగ్గుకీ యాంటీబయాటిక్ తాగించి తాగించి క్రిములకే అలవాటు చేశారని ఆవిడ ఆ రోజు గోడకి చెప్పినట్టు చెప్పింది. అప్పటి నుంచి ప్రతి పిల్లకీ రెండుసార్లు ఆలోచించి మొదలుపెడుతుంది, మూడుసార్లు ఆలోచించి ఆపుతుంది. అవసరమైన చోట మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించదు. ఆదివారం అందరం చూశాం.

మంచం కింద చాప మీద కూర్చున్న సెరెయిమా బూ తల పైకెత్తింది. ఆవిడ కుర్చీలో కూర్చోదు. రెండు రోజులుగా అక్కడే, మంచం కోడుకి ఆనుకుని, పిల్ల వేలాడేసిన చెయ్యి తన భుజానికి తగిలేలా.

"అమ్మా డాక్టరమ్మా, ఆ సూదితోనే కదా నా తల్లి కళ్లు తెరిచింది?"

డాక్టర్ మోకాళ్ల మీద కూర్చుంది. కింద కూర్చున్న పెద్దావిడతో నిలబడి మాట్లాడకూడదని ఇక్కడే నేర్చుకుంది.

"వైరస్ అయితే దాని దారిన అదే పోతుంది బూ. సూదికీ దానికీ చుట్టరికం లేదు. ఇంకొక్కసారి అడుగుతాను, కోప్పడకండి. ఇక్కడికి రాకముందు ఇంట్లో ఏ మందైనా తాగించారా? సీసాలోది, బిళ్ల, ఏదైనా?"

"నిమ్మాకు కషాయం. అంతే."

"ఖాయమా?"

"నా వయసుకి అబద్ధం దేనికమ్మా?"

అలా అంటూ బూ చాప అల్లిక వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఒక్క క్షణమే. ఆ చూపు నాకు అర్థం కాలేదు. ఎవరో చీకటి గదిలో నా పేరు పిలిచి, నేను తిరిగేలోపు వెళ్లిపోయినట్టు అనిపించింది.

డాక్టర్ వెళ్లాక కలేసి ఒళ్లు తుడవడానికి గోరువెచ్చని నీళ్లు స్టీలు గిన్నెలో తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాను. ఆదివారం తొడిగిన గౌను మూటలోనే ఉండిపోయింది. ఉతికి ఆరేద్దామని దులిపాను. మెడ దగ్గర చిన్న మరక. పైకి పసుపు కొమ్ముల పూత అనిపించింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే పసుపు కాదు, గులాబీ. బాగా వెలిసిపోయిన గులాబీ. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చెమట, కొబ్బరినూనె, పొగ. వాటి వెనకాల, చాలా దూరం నుంచి, తియ్యటి పండు వాసన.

ఆ పండు ఏ చెట్టుకీ కాయదు. అది మా మందుల అలమరలో వాసన.

అప్పుడే తలుపు తోసుకుని వైసేయా వచ్చాడు, ఒళ్లంతా నీళ్లు కార్చుకుంటూ. ఆసుపత్రి పడవ నడుపుతాడు. నాకు మేనమామ కొడుకు. అందుకని నన్ను ఆటపట్టించడం అతనికి పుట్టుకతో వచ్చిన హక్కు.

"ఏం మరదలా, పిల్ల గౌను వాసన చూస్తున్నావ్? ఆకలేస్తోందా? మీ అమ్మ చేమాకుల రోరో కూర పంపింది. దారిలో నేను తినేశాలే."

"బావా, అరవకు. పిల్ల పడుకుంది."

"అరవడమా? ఇది నా గుసగుస. తాత వచ్చాడు తెలుసా? ఇలాయితియా తాత. కలేసి కళ్లు తెరిచిందని చెప్పగానే పడవెక్కేశాడు. రోడ్డవతల చర్చివాళ్లని దుంగ డోలు అడిగాడు. నాలుగింటికి వునికవికా మోత మోగిస్తాడట. అడిగితే ఎవరు లేదంటారు? కర్రలు కూడా ఇచ్చేశారు."

ఇలాయితియా కలేసికి తాత, వాళ్ల ఊరి చర్చి దగ్గర రోజూ సాయంత్రం దుంగ మోగించే మనిషి. రెండు పొడుగు దెబ్బలు, మూడు పొట్టివి. కలేసి నడక రాకముందు నుంచీ ఆ దుంగ పక్కన కూర్చుని, చివరి మూడు దెబ్బలకీ చప్పట్లు కొట్టేది. చెరువు గట్టున ఉన్నా, చెట్టెక్కి ఉన్నా, ఆ మోత వినపడితే చేతులు వాటంతటవే కలిసేవట.

వైసేయా నా చేతిలోని గౌను చూశాడు. నవ్వాడు. "ఓహో, గులాబీ మందా! ఆ సీసా నా పడవలో మూడుసార్లు తిరిగింది, టికెట్ లేకుండా. మీ అక్క దగ్గర నుంచి కెలేరా అత్తకి, అత్త దగ్గర నుంచి..." సగంలో ఆగిపోయాడు. నా ముఖం చూసి కాదు. నా వెనకాల బూ ముఖం చూసి.

"నాకు పడవ కట్టాల్సిన పని ఉంది" అని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అతను అంత నిశ్శబ్దంగా వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

వాన కొంచెం సన్నబడింది. నేను వెళ్లి బూ ఎదురుగా చాప మీద కూర్చున్నాను. గౌను ఇద్దరి మధ్యా పెట్టాను. మా ఇళ్లలో అలాగే. అడగాల్సింది ముందు మధ్యలో పెట్టుకుని కూర్చుంటాం, అది చల్లారే దాకా.

"బూ, ఎన్ని చెంచాలు?"

బూ మడత పెట్టిన కాళ్ల వెనక నుంచి కొబ్బరాకు బుట్ట ముందుకు లాగింది. అందులో బైబిలు, దువ్వెన, తువ్వాలు. తువ్వాలు మడతల్లో సీసా.

"గురువారం నుంచి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. శనివారం జ్వరం తగ్గినట్టే తగ్గింది తల్లీ. ఆడుకుంది కూడా. ఆదివారం ప్రార్థన మధ్యలో వాంతి చేసుకుంది."

సీసా చేతిలోకి తీసుకున్నాను. మూతికి ఒక ప్లాస్టిక్ చెంచా దారంతో కట్టి ఉంది. లోపల మందు నిండుగా, మెడ దాకా ఉంది. అదే నాకు వింతగా తోచింది.

"ఇన్నిళ్లు తిరిగితే ఇంత నిండుగా ఎలా ఉంది బూ?"

ఆవిడ నన్ను చూసిన చూపులో అమాయకత్వం తప్ప ఏమీ లేదు. "ఖాళీ సీసా ఎలా ఇస్తారే పక్కింటికి? సిగ్గు కాదూ? ఎంత తీసుకుంటే అంత కాచిన నీళ్లు పోసి ఇచ్చారు. మీ అక్క పోసింది. కెలేరా పోసింది. సోలో ఇంట్లో పోశారు, ఉనైసి ఇంట్లో పోశారు. నేనూ పోశాను. ఇది నాది కాదు కదా, ఇంకెవరి పిల్లకో కావాలి."

నేను సీసా ఎత్తి కిటికీ వైపు పట్టుకున్నాను. మా మందు కలిపినప్పుడు ముదురు గులాబీ, మందార రేకులా ఉంటుంది. ఇది మబ్బు పట్టిన సాయంత్రం సముద్రం మీద చివరగా మిగిలే రంగులా ఉంది. ఐదిళ్లు, ఐదుగురు తల్లులు, ఐదుసార్లు ప్రేమగా పోసిన నీళ్లు. ఎవరూ ఎవరికీ ద్రోహం చెయ్యలేదు. ఉన్నది పంచుకున్నారు.

సీసా తిప్పాను. చీటీ సగం చిరిగింది. మిగిలిన సగం మీద నీలం సిరాతో రాత: జోసెవా, ఐదు మిల్లీలీటర్లు, రోజుకి మూడుసార్లు, ఏడు రోజులు.

ఆ రాత నాది.

జోసెవా మా అక్క ఉలమిలా కొడుకు. ఆరు వారాల కిందట అక్క వాడిని వెంటేసుకుని ఆసుపత్రి వెనక మెట్ల దగ్గరికి వచ్చింది. వాడికి ముక్కు కారుతోంది. ఆ కారే ముక్కుతోనే పీతల వెంట పరిగెత్తుతున్నాడు. "ఆ గులాబీది ఇవ్వవే, ఇంట్లో ఉంటే ధైర్యం" అంది అక్క. ఒక్కసారే అడిగింది. రెండోసారి అడగాల్సిన అవసరం మా మధ్య ఎప్పుడూ రాలేదు. నేను డాక్టర్‌ని అడగలేదు. పొడిలో నీళ్లు కలిపి, కుదిపి, చీటీ రాసి ఇచ్చాను. రెండు వారాలు దాటితే పారెయ్యమని చెప్పానో లేదో కూడా గుర్తులేదు. అక్క వెళ్తూ వెళ్తూ నా చెంప నిమిరింది. అది మాత్రం గుర్తుంది.

"డాక్టర్ రెండుసార్లు అడిగింది బూ. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే సీసా చూపించమంటుంది. చూపిస్తే నీ రాత గుర్తుపడుతుంది." బూ గొంతు తగ్గించింది. "ఈ ఒడ్డున ఉన్న అన్ని ఊళ్లలోంచి నర్సయిన పిల్లవి నువ్వొక్కదానివి. నీ చదువుకి మా చాపలు కూడా అమ్మాం. నిన్ను నేనే పట్టివ్వాలా?"

"దానికోసం కలేసి ప్రాణంతో ఆటా?"

"సూది వేస్తున్నారు కదే! ఎలాగూ అసలు మందు పడుతోంది, ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఆపుతారని నాకేం తెలుసు? క్రిమి లేదన్నారు. లేకపోతే మంచిదే అనుకున్నాను." ఆవిడ వేళ్లు నా మోచేతిని పట్టుకున్నాయి. "లేదు కదా? లైసనీ, లేదు కదా?"

గడియారం మూడుంబావు చూపిస్తోంది. నేను లేచాను.

డాక్టర్ గది వరండా చివర ఉంటుంది. ఇరవై అడుగులు. ఆ దూరం ఆ రోజు ఎంతకీ తరగలేదు. వాన చినుకులు గాలిలో ఆగి నాకోసం తప్పుకుంటున్నట్టు, గోడల మీద పాత ఉప్పు మరకలు దీవుల పటాల్లా కదులుతున్నట్టు ఉంది. నర్సు పరీక్ష పాసైన రోజు మా ఊరంతా నన్ను పూలదండల కింద ముంచేసింది. ఆ బరువు మళ్లీ మెడ మీదికి వచ్చింది. వెనక్కి తిరిగితే సీసా సముద్రంలోకి వెళ్తుంది. పలచటి గులాబీ ఒక అలతో కలిసిపోతుంది. ఎవరికీ తెలియదు. నాలుగు గంటలకి సూది పడదు. అంతే.

అంతే అనే మాట దగ్గర నా కాళ్లు వాటంతటవే ముందుకి నడిచాయి.

సీసా డాక్టర్ బల్ల మీద పెట్టాను. "కలేసికి గురువారం నుంచి ఇది తాగించారు. నీళ్లు కలిపిన యాంటీబయాటిక్. ఐదిళ్లు తిరిగింది. మొదట ఇచ్చింది నేను. మీకు చెప్పకుండా, జలుబుకి."

ఆవిడ చీటీ చదివింది. చెంచాకి కట్టిన దారాన్ని వేలితో తాకింది. సీసాని వెలుతురులో పట్టుకుని, నేను చూసినట్టే, చాలాసేపు చూసింది.

"క్రిమిని చంపేంత లేదు ఇందులో" అంది చివరికి. "దాచేంత ఉంది."

"ల్యాబ్‌లో మొలవకపోవడానికి..."

"ఇదే. సగం దెబ్బతిన్న క్రిమి గాజు పళ్లెంలో మొలవదు. మెదడు పొరల్లో మాత్రం హాయిగా కాపురం పెడుతుంది. ఇప్పుడు సూది ఆపి ఉంటే రేపు తేరుకున్నట్టే ఉండేది. ఎల్లుండి క్రిమి మళ్లీ లేచేది." కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "ఆపడం లేదు. పది రోజులు, ఒక్క పూట తప్పకుండా. మొదటి రోజుల్లో జరిగిన ఆలస్యాన్ని మాత్రం ఏ సూదీ వెనక్కి తేలేదు. ఈ జబ్బులో ముందు దెబ్బ తగిలేది చెవికి. దాన్ని కనిపెట్టి ఉండాలి."

"సరే డాక్టర్."

"ఆ ఐదిళ్లలో ఎవరెవరు తాగారో పేర్లు కావాలి. వైసేయాని పంపు. వాడికి తెలియని ఇల్లు ఉండదు." తలుపు దగ్గర ఆగింది. "నీ గురించి పైకి రాయాలి లైసనీ. రాయకుండా ఉండలేను."

"రాయండి."

"వాళ్లు ఏమంటారో నాకు తెలియదు."

"నాకూ తెలియదు."

ఆవిడ కనుబొమ్మ కొంచెం లేచింది. నవ్వు కాదు, ఇంకేదో. "ముందు నాలుగింటి సూది సిద్ధం చెయ్."

నాలుగుకి ఐదు నిమిషాలుండగా వాన ఆగింది. ఆకుపచ్చ వెలుతురు పసుపుగా మారింది. సీమపనస ఆకుల నుంచి ఒక్కో చుక్కా ఎంతో ఆలోచించి రాలుతోంది. కలేసి తల మీదుగా సెలైన్ గొట్టం అందుకోవాలి కాబట్టి "తులౌ" అన్నాను మెల్లగా. ఎంత చిన్న పిల్లయినా తల మీదుగా చెయ్యి చాచేముందు మన్నించమని అడగాలి. ఆ రోజు ఆ మాట మామూలు కంటే బరువుగా వచ్చింది. మందు గొట్టంలోకి ఎక్కించాను. తేటగా, రంగు లేకుండా, నెమ్మదిగా వెళ్లింది.

బూ నా చెయ్యి తీసుకుని తన నుదుటికి ఆనించుకుంది. నా ముఖంలోనే అన్నీ చదివేసిందనుకుంటాను.

"చెప్పేశావు" అంది.

"చెప్పేశాను."

"ఇక నిన్నెవరు కాస్తారే?"

నేను సెలైన్ చుక్కల వేగం సరిచూస్తుండగా కలేసి కళ్లు తెరిచింది. ఈసారి పూర్తిగా. కడిగిన గవ్వల్లా మెరిసే కళ్లు. మెడ అటూ ఇటూ తిప్పింది, నొప్పి లేకుండా. బూ నవ్వుతూ ఏడుస్తూ మంచం మీదికి వంగింది. "నా బంగారూ, నా చిట్టి చేపా, ఆకలేస్తోందా? పెండలం ఉడకబెట్టిస్తానే" అంటూ ఏవేవో అంటోంది. పిల్ల ఆవిడ పెదవుల వైపే చూస్తోంది, ముద్దుగా, శ్రద్ధగా. గుమ్మంలో నిలబడ్డ డాక్టర్ మొదటిసారి నిండుగా నవ్వింది.

అప్పుడు మొదలైంది రోడ్డవతల నుంచి. రెండు పొడుగు దెబ్బలు, మూడు పొట్టివి. వానకి తడిసిన దుంగ మోత ఇంకా లోతుగా ఉంటుంది, నేల లోపలి నుంచి వస్తున్నట్టు. పక్క మంచాల మీది పిల్లలందరూ ఒక్కసారి కిటికీ వైపు తిరిగారు. గట్టు మీద స్టీలు గిన్నెలో నీళ్లు ఆ మోతకి సన్నగా వణికాయి. ఇలాయితియా తాత తన బలమంతా కర్రల్లోకి తెచ్చుకుని కొడుతున్నాడు. మనవరాలికి వినపడాలని.

మూడు పొట్టి దెబ్బల దగ్గర నేను కలేసి చేతుల వైపు చూశాను. దుప్పటి మీద అవి కదలకుండా ఉన్నాయి.

కలేసి కిటికీ వైపు చూసింది. మబ్బు తొలగిన ఆకాశాన్ని, సాయంత్రపు వెలుతురుని గుర్తుపట్టింది. బూ వైపు తిరిగి, నిద్ర గొంతుతో, కొంచెం బుంగమూతి పెట్టి అడిగింది.

"బూ, తాత ఇవాళ దుంగ కొట్టడా?"

గిన్నెలో నీళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.